వనబడికి గది వచ్చింది

నేను దేవుణ్ని అడిగింది ఒక్క గది. కారు అడగలేదు, ఇల్లందుకు బదిలీ కూడా అడగలేదు. పోయిన వానాకాలంలో మా తండా బడి పైకప్పు కూలిపోయింది. అదృష్టం కొద్దీ ఆదివారం కూలింది. నేను చర్చిలో ఉన్నాను, పిల్లలు ఇళ్లలో ఉన్నారు. మర్నాడే బడి వెనక అడవిలోకి, ఇప్పచెట్ల కిందికి మారాం. నల్లబల్లను మద్దిచెట్టుకు కట్టాం. వాన పడితే బల్ల మీద సుద్ద నిలవదు, పుస్తకాలు నానిపోతాయి, పిల్లలకు జ్వరాలు. మబ్బు పట్టిందంటే బడికి సెలవే.

పాఠం మాత్రం ఆపలేను కదా! తల్లులు బీడీ ఆకు కట్టలు కట్టినట్టే పిల్లల చేత ఆకులు కట్టించి పదులు, ఒకట్లు చెప్పాను. ఉడతను చూపించి వాక్యాలు రాయించాను. దీన్ని కొత్త విద్యావిధానం అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది గతిలేనితనం.

గది కోసం నేనూ, బడి కమిటీ చైర్మన్ మంగీలాల్ అన్నా ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి చలికాలంలో విద్యాశాఖ పెద్దసారు ఒకాయన చూడటానికి వచ్చాడు. కూలిన గోడలు చూపిద్దామని నేను ముందు నడిచాను. ఆయన చూపు చెట్ల కిందికి పోయింది. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆకులతో తీసివేతలు చేస్తున్నారు.

"అబ్బ, ఎంత బాగుందమ్మా! పట్నంల పిల్లలకు ఈ భాగ్యం ఏది?"

"వానొస్తే బాగుండదు సార్" అన్నాను.

ఆ మాట ఆయన చెవిన పడలేదు. రెండో తరగతి సక్రిని దగ్గరికి పిలిచాడు. "పాపా, నీకు గది మంచిగుంటదా, ఈ చెట్లు మంచిగుంటయా?"

సక్రికి తెలిసిన గది కూలిపోయిన ఆ చీకటి కొట్టమే. పట్టపగలు కూడా అందులో బల్ల మీద అక్షరం ఆనేది కాదు. "గదిల కూసుంటే ఏం కనబడదు సార్" అంది ఉన్నదున్నట్టు.

పెద్దసారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. పిల్లలకు నిజం చెప్పమని నేర్పింది నేనే, ఇక ఎవరిని తిట్టను?

నెల తిరక్కుండానే 'వనబడి' అని బోర్డు వచ్చింది. సభ పెట్టి నాకు శాలువా కప్పారు. "గది లేక చెట్ల కింద చెప్తున్నం" అని మైకులో మొత్తుకుంటే, ఎంత వినయమో చూడండని చప్పట్లు కొట్టారు. మంగీలాల్ అన్న మాత్రం ఊరుకోలేదు.

"బోర్డు మంచిగనే ఉన్నది సార్. మరి మా రూము ఏమాయె?"

"గది కడితే ఇంక వనబడి ఎట్లయితదయ్యా?" అన్నాడు పెద్దసారు.

"బడి అయితది సార్" అన్నాడు మంగీలాల్ అన్న.

ఇక చూసేవాళ్ల తాకిడి మొదలైంది. ఖమ్మం నుంచి, మధిర నుంచి టీచర్లు బస్సుల్లో వచ్చేవారు. వాళ్లకు ఎండకు తల తిరిగింది, చీమలు కుట్టాయి. ఆ సంగతి పైదాకా పోయింది. వేసవి సెలవుల్లో మంగీలాల్ అన్న ఫోన్ చేశాడు. "టీచరమ్మా, ఇటుకల ట్రాక్టర్ దిగింది! రూము వచ్చింది!"

ఆ ఆదివారం చర్చిలో ఏడ్చి మరీ దేవునికి స్తోత్రం చెప్పాను.

సెలవులయ్యాక వెళ్లి చూస్తే గది నిజంగానే లేచింది. ఫ్యాన్లు, కుర్చీలు, చెట్ల వైపు గోడంతా అద్దం. తలుపు మీద 'సందర్శకుల గది' అని రాసి ఉంది. ప్రార్థనలో గది ఎవరికో కూడా విడమరచి చెప్పాలని నాకెవరూ నేర్పలేదు.

కోపం పట్టలేక పెద్దసారుకు ఫోన్ చేశాను. "పిల్లలు లోపల కూర్చుంటే వచ్చినోళ్లు ఏం చూస్తరమ్మా?" అన్నాడు.

కొన్నాళ్లకు చూసేవాళ్ల బస్సు వచ్చింది, వెనకే వాన కూడా వచ్చింది. వచ్చినవాళ్లు చున్నీలు, కొంగులు తలమీద కప్పుకుని గదిలోకి పరుగెత్తారు. మా పిల్లలూ బురదకాళ్లతో వాళ్ల వెంట పరుగెత్తారు. వాళ్లతో వచ్చిన ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"కొత్త టైల్స్ మేడం, జర అర్థం చేసుకోండ్రి" అని లోపలి నుంచి గడియ పెట్టాడు.

"పిల్లలు తడుస్తున్నరు, తలుపు తియ్యుండ్రి!" అని గొంతు చించుకున్నాను. వాన హోరులో ఎవరికీ వినపడలేదు. లోపల అందరూ కుర్చీల్లో సర్దుకుని, తడుస్తున్న మా వైపు ఫోన్లు ఎత్తారు. ఆ అద్దం పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు, ఉద్యోగం గుర్తొచ్చింది.

సక్రి పలక నెత్తిన పెట్టుకుని వెళ్లి అద్దానికి ముక్కు ఆనించింది. తిరుగుతున్న ఫ్యాన్లనూ, పొడి నేలనూ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మేం గూడ లోపట కూసుంటం టీచర్. ఏం కనబడకున్నా మంచిదే."

అని అద్దం మీద అరచేత్తో కొట్టింది. లోపలి నుంచి ఒక మేడం నవ్వుతూ చెయ్యి ఊపింది.