ఈస్టరు కొలతలు, క్రిస్మస్ కొలతలు

ఆది జాకెట్టు చేతికిచ్చి ఇలాగే కుట్టెయ్యమంటే స్టెల్లా ఒప్పుకోదు. ఇంట్లోవాళ్ళకైనా సరే, టేపు పెట్టి కొలవాల్సిందే. ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకి ముందూ క్రిస్మస్‌కి ముందూ, అత్తగారికీ ఆడపడుచుకీ జాకెట్లు తనే కుడుతుంది. కొలతలు రాయడానికి ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఏడాది మొదలుపెట్టిన పుస్తకం అది. పద్దెనిమిదేళ్ళలో ఎవరు ఎక్కడ ఒళ్ళు చేశారో, ఎక్కడ చిక్కారో అందులో ఉంది.

నవంబరు ఆఖరి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆడపడుచు క్రిస్టినా కొలతలకి నిలబడింది.

"ఈసారి కాస్త బిగువుగా కుట్టొదినా. నాలుగు కేజీలు తగ్గాను."

స్టెల్లా ఆమె చేతికి టేపు చుట్టింది. పన్నెండున్నర. ఈస్టరుకి పద్నాలుగు. నిజమే, తగ్గింది. నడుముకి చుట్టింది. ముప్పై ఎనిమిదిన్నర. పుస్తకంలో చూస్తే ఈస్టరుకి ముప్పై ఆరు.

"ఊపిరి బిగబట్టకు."

"బిగబట్టలేదొదినా."

మళ్ళీ కొలిచింది. అదే లెక్క. వెనకవైపు మెడ లోతు చూద్దామని జడ పక్కకి తీసింది. మెడకి కాస్త కింద, రెండు భుజాల నడుమ, చిన్న దిండు పెట్టినట్టు మెత్తగా ఎత్తుగా ఉంది. పాత జాకెట్టు అక్కడ పైకి లేచి నిలబడుతోంది. మోచేతి పైన వంకాయరంగు మచ్చ కనిపించింది.

"ఈ దెబ్బేంటి?"

"ఏమో. బస్సులో ఎవరి సంచో తగిలుంటుంది. ఈ మధ్య ఊరికే కమిలిపోతోంది."

స్టెల్లా అన్నీ రాసుకుంది. కాళ్ళూ చేతులూ సన్నబడి పొట్ట ఎందుకు పెరుగుతుంది? తగ్గే మనిషి ఇలా తగ్గదు. పుస్తకం మూసేసినా ఆ అంకెలు ఆమె బుర్రలోంచి పోలేదు.

క్రిస్టినాకి ముప్పై మూడేళ్ళు. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో బిల్లులు రాస్తుంది. ఇరవై ఐదో ఏట నుంచీ నెలసరి గాడి తప్పింది. పీసీఓడీ అన్నారు, బరువు తగ్గమన్నారు, వేళకి తిని రోజూ నడవమన్నారు. ఆ రెండూ తప్ప మిగతావన్నీ చేసింది. అన్నం మానేసింది, నిమ్మరసం తేనె తాగింది, ఒక నెలంతా గుడ్లే తింది. మోకాళ్ళ నొప్పులు మాత్రం మిగిలాయి. జూన్‌లో కొట్లో పనిచేసే స్నేహితురాలు ఆమెని అక్కడికి దగ్గర్లోనే ఒక లాడ్జి పైన రెండో అంతస్తులో ఉన్న హెల్త్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పొడి ఇచ్చారు. హార్మోన్లని దారిలో పెడుతుందట. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా, రాత్రికి పళ్ళముక్కలు. పదిరోజుల్లో మోకాళ్ళ నొప్పి పోయింది. నెల తిరిగేసరికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది. ముఖం గుండ్రంగా నునుపుదేలింది. చర్చిలో అందరూ కళొచ్చిందన్నారు.

సోమవారం పొద్దున స్టెల్లా ఆ క్లబ్బుకి వెళ్ళింది. గోడలనిండా లావుగా ఉన్నప్పటివీ సన్నబడ్డాకవీ ఫోటోలు. కోచ్ లక్ష్మీకాంత్ తెల్లచొక్కా వేసుకుని ఎదురొచ్చాడు.

"కూర్చోండి మేడమ్. ఎన్ని కేజీలు తగ్గాలనుకుంటున్నారు?"

"నా సంగతి తర్వాత. ఈ పొడిలో ఏమేం కలుస్తాయండీ?"

"ఇరవై ఒక్క మూలికలు మేడమ్. అంతా నేచురల్."

"ఏవేవి?"

"ఫార్ములా బయటికి చెప్పకూడదండీ, కంపెనీ రూలు."

"డబ్బా మీద తయారీ తేదీ లేదు. ఊరి పేరుంది, డోర్ నంబరు లేదు."

ఆయన నవ్వు చెరగలేదు. "మీరు టీచరా మేడమ్?"

"కాదండీ. ఇంట్లోనే ఉంటాను."

"అదీ సంగతి. ఇంట్లోనే ఉంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. రేపట్నుంచి మీరూ మొదలుపెట్టండి, మనసు కూడా తేలికపడుద్ది."

ఇంటికొచ్చి, మధ్యాహ్నం భోజనానికి అందరూ చేరినప్పుడు చెప్తే క్రిస్టినా అంతా వినకుండానే లేచింది.

"నేను తగ్గుతుంటే నీకెందుకొదినా అంత బాధ? ఎనిమిదేళ్ళ తర్వాత అద్దంలో నన్ను నేను చూసుకోబుద్ధవుతోంది. నువ్వేమో టేపు పట్టుకుని తిరుగుతున్నావు."

"చెయ్యి సన్నబడి నడుము పెరిగింది క్రిస్టినా. ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం."

"నీ టేపు సాగిపోయుంటుంది."

అత్తగారు శౌరమ్మ కూతురి పక్షమే. "నొప్పులు పోయి పిల్ల హాయిగా తిరుగుతుంటే నీకు కంటగింపుగా ఉందేంటమ్మాయ్? క్రిస్మస్ కాగానే నేనూ మొదలుపెడతాను. నా మోకాళ్ళు మాత్రం ఏం పాపం చేశాయి?"

భర్త జయపాల్ పేపరు మడిచి అన్నాడు, "వాళ్ళిష్టం వాళ్ళది. నువ్వు కల్పించుకోకు."

స్టెల్లా ఎంగిలి కంచాలు తీసింది. పొద్దున్నే ఆ పొడి కలిపిచ్చేది ఆమే. ఆ మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక ఉలవలూ జొన్నలూ పెసలూ విడివిడిగా, మాడకుండా వేయించింది. కరివేపాకు ఎండబెట్టింది ఉంటే అదీ, చిటికెడు శొంఠీ వేసి మెత్తగా పట్టి, రెండుసార్లు జల్లించింది. రంగు పక్కపక్కన పెట్టి చూసింది. డబ్బాలో ఉన్న పొడిని గాజు సీసాలోకి వంచి, మూత బిగించి, మీద తేదీ రాసిన కాగితం అంటించి, బియ్యం డబ్బా వెనక దాచింది. డబ్బా కడిగి, ఆరబెట్టి, తన పొడి నింపింది. చెడ్డదని తెలిసినదాన్ని మాన్పిస్తే ఏం నష్టం అనుకుంది. హోమ్ సైన్స్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషి. ఏది తింటే ఏమవుతుందో చదువుకుంది. ఒకటి మానేస్తే ఏమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఈ డబ్బా కాస్త కమ్మగా ఉందేంటి?" అంది క్రిస్టినా మొదటిరోజు.

మూడోరోజుకి ఒళ్ళు నొప్పులన్నది. నాలుగోరోజు కొట్టుకి సెలవు పెట్టింది. ఐదోరోజు తిన్నదల్లా కక్కేసింది. కోచ్‌కి ఫోన్ చేస్తే, ఒంట్లో చెడు బయటికి పోతోంది, కంగారు పడొద్దన్నాడు. ఆ మాట వినగానే స్టెల్లాకి ఒళ్ళు మండింది కానీ, తన పొడి గురించి చెప్పడానికి నోరు రాలేదు. పప్పుల్లో పురుగేమన్నా ఉందా అని మిగిలిన ఉలవలు చేటలో పోసి ఏరి చూసుకుంది. తనూ ఒక చెంచా కలుపుకుని తాగింది. తనకేమీ కాలేదు.

ఆరోరోజు ఆదివారం. చర్చికి తయారవుతూ క్రిస్టినా స్నానాలగది గుమ్మంలో కూలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టర్ నుస్రత్ చూసింది. సెలైన్ రెండో సీసా ఎక్కుతున్నా బీపీ లేవడం లేదు, షుగరు పడిపోయింది. డాక్టరు బయటికొచ్చి అడిగింది, "ఏమైనా మందులు వాడుతోందా?"

"మందులేం లేవండీ, మూలికల పొడి ఒకటి తాగుతది," అన్నాడు జయపాల్.

"మధ్యలో ఆపిందా?"

"లేదండీ. రోజూ తాగుతానే ఉంది."

డాక్టరు తలుపు పక్కనున్న బల్ల దగ్గర నిలబడి ఏదో రాసుకుంటోంది. శౌరమ్మ కోడలి ముఖంలోకి చూస్తోంది. గొంతు తగ్గించి కొడుకుతో అంది, స్టెల్లాకి వినపడేలాగే.

"సోమవారం మధ్యాహ్నం నేను నిద్రపోలేదు. మిక్సీ చప్పుడు విన్నాను. ఆ డబ్బా బోర్లించి ఆరబెట్టడం చూశాను. నీ పెళ్ళాం అందులో ఏదో కలిపిందిరా."

జయపాల్ భార్య వైపు తిరిగాడు. ఆ చూపు పద్దెనిమిదేళ్ళలో ఆమె ఎరగని చూపు. కాదంటే నమ్మేస్తాడు, నమ్మాలనే చూస్తున్నాడు. ఔనంటే ఈ వరండాలోనే ఆమె కాపురం సంగతి తేలిపోతుంది. తలుపు అవతల మానిటర్ కూస్తోంది.

"డాక్టరుగారూ," అంది స్టెల్లా. "ఆమె ఆ పొడి తాగట్లేదండీ. నేను మార్చేశాను. ఇవాళ్టికి ఆరోరోజు."

డాక్టరు ఆగిపోయింది. "పూర్తిగా ఆపేశారా? ఒక్కసారే?"

"ఒక్కసారే. నేనిచ్చింది ఉలవలు, జొన్నలు, పెసలు, కరివేపాకు, శొంఠి. అంతకుముందు ఐదున్నర నెలలు ఆ పొడే తాగింది. ఈస్టరుకి చేతి కొలత పద్నాలుగు, ఇప్పుడు పన్నెండున్నర. నడుము రెండున్నర అంగుళాలు పెరిగింది. మెడ వెనక ఎత్తు వచ్చింది. చర్మం ఊరికే కమిలిపోతోంది."

డాక్టరు లోపలికి నడిచింది. క్రిస్టినాని పక్కకి తిప్పించి, జడ తొలగించి మెడ వెనక వేళ్ళతో నొక్కి చూసింది. చీర కాస్త తప్పించి పొట్ట మీది ఎర్రటి చారలు చూసింది. నర్సుని పిలిచి ఒక ఇంజెక్షను పేరు చెప్పింది, వెంటనే అంది. గంట గడిచేసరికి బీపీ నిలబడింది. మధ్యాహ్నానికి క్రిస్టినా మంచినీళ్ళు అడిగింది.

సాయంత్రం డాక్టరు స్టెల్లాని గదిలోకి పిలిచింది.

"ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. నొప్పులు పోయిందీ, ముఖం నిగనిగలాడిందీ అందుకే. నెలల తరబడి బయటినుంచి వస్తుంటే ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది. అప్పుడు ఒక్కసారి ఆపితే ప్రాణాల మీదికొస్తుంది. కొంచెం కొంచెంగా, నెలల మీద తగ్గించాలి. మీకు అనుమానం రావడం మంచిదైంది. ఆ అనుమానాన్ని డబ్బాలో పోయకుండా నా దగ్గరికి తీసుకురావాల్సింది."

"అవునండీ," అంది స్టెల్లా. సంచిలోంచి తేదీ అంటించిన గాజు సీసా తీసి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి తెచ్చింది. "పరీక్షకి పంపుతారేమోనని."

పది రోజులకి ఫలితం వచ్చింది. డాక్టరు చెప్పిందే. జయపాల్ ఆ కాగితం పట్టుకుని గవర్నర్‌పేట వెళ్ళేసరికి రెండో అంతస్తుకి తాళం వేసి ఉంది. ఫోటోలు మాత్రం కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయట.

క్రిస్మస్ జాకెట్టు స్టెల్లా బిగువుగా కుట్టలేదు. రెండు వైపులా లోపల ఒకటిన్నర అంగుళాల గుడ్డ వదిలి కుట్టింది. క్రిస్టినా వేసుకుని అద్దం ముందు నిలబడి, "నాతో చెప్పి ఉండాల్సిందొదినా," అంది.

"నువ్వు విని ఉండాల్సింది."

"విని ఉండేదాన్ని కాదులే," అంది క్రిస్టినా, అద్దంలోకి చూస్తూనే.

శౌరమ్మ మాత్రం క్షమించానని చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఆనాటి నుంచీ పొద్దున్నే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. కూతురికి జావ కాస్తుంటే ప్రతిరోజూ అదే ప్రశ్న.

"అందులో ఏమేస్తున్నావ్?"

స్టెల్లా విసుక్కోదు. ఒక్కో డబ్బా మూత తీసి అత్తగారికి కనపడేలా చూపిస్తుంది.

"రాగిపిండి అత్తయ్యా. ఉప్పు. మజ్జిగ." ఒక గుటక తను తాగి, గ్లాసు క్రిస్టినాకి అందిస్తుంది.