అయ్యవారి పూర్వపక్షం

తడిసిన భూర్జపత్రాల వాసన. ముక్కిన బియ్యం వాసనలా... అటక నిండా అదే.

ఆ చెట్టు బెరడు మీద రాసిన మా అయ్యవారి పుస్తకం చివికిపోతోంది.

శర్వట భట్టు గారు ముప్పై ఏళ్లు కూర్చుని రాసిన పుస్తకం. అందులో ఉన్నది ఒకటే మాట — చచ్చాక ఏమీ మిగలదు.

మఠంలో ఏటా మంచు కరిగాక పాత పుస్తకాలకు మాలాంటి లేఖకుల చేత కొత్త ప్రతులు రాయిస్తారు. వేదాలు నాలుగు, అంగాలు ఆరు, మీమాంస, న్యాయం, పురాణం, ధర్మశాస్త్రం. పద్నాలుగు విద్యలు. పద్నాలుగు అరలు.

పదిహేనో అర లేదు.

"ఏ అరలోనూ పట్టనివి వితస్త నదిలో కలిపెయ్యండి," అన్నాడు మఠాధిపతి. పాచిపోయిన అన్నం పారబొయ్యమన్నంత తేలిగ్గా.

ఆ రాత్రి అరలన్నీ మళ్లీ ఒక్కొక్కటీ చూశాను.

అప్పుడు తట్టింది. న్యాయం అరలో ఖండన గ్రంథాలకు చోటుంది. ఎవణ్నైనా ఖండించాలంటే ముందు వాడి వాదం పొల్లుపోకుండా చెప్పాలి — అది పూర్వపక్షం. ఆ తర్వాతే 'అంటావా? కాదు' అని కొట్టాలి.

అయ్యవారి పుస్తకమంతా పూర్వపక్షంగా దించేశాను. ప్రతి మాట వెనకా ఒక 'కాదు' పెట్టాను. మెత్తగా... దెబ్బ తగలకుండా.

మంచాన పడ్డ అయ్యవారికి చదివి వినిపించాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"ఏడ్చినట్టుంది," అన్నారు. "దీన్ని ఖండన అంటారుట్రా నోణా? వీపు నిమిరినట్టుంది. వాళ్లేమన్నా వెర్రివాళ్లా, ఇట్టే పట్టేస్తారు. పుస్తకం నీళ్లపాలవుతుంది. గట్టిగా కొట్టు!"

"నా వల్ల కాదు అయ్యవారూ."

"నీ మొహం. కలం పట్టు. నేను చెప్తా."

చెప్పారు.

తన వాదాన్ని తనే విరిచారు. దాని కీలు కీలూ ఆయనకి తెలుసు మరి! ఒక్కో దెబ్బకీ పకపకా నవ్వేవారు... దగ్గు ముంచుకొచ్చేదాకా. బయట ఇంకా కరగని మంచు. మా మధ్య నిప్పుల బుట్ట. నా వేళ్లనిండా సిరా.

తొమ్మిది రోజులు.

పదో రోజుకి ఒక్క ఖండన మిగిలింది.

"రాయి," అన్నారు. "చచ్చాక ఏమీ మిగలదంటావా? కాదు. అది నిజంగా నమ్మినవాడివైతే... నీ పుస్తకం మిగలాలని ఇంత ఆరాటం ఎందుకు?"

రాశాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

పత్రం తన వైపు తిప్పుకుని ఆ మాట మళ్లీ చదువుకున్నారు.

"ఒరేయ్ నోణా..." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "దీనికి జవాబు చెప్పరా."

పత్రం మీద సిరా ఆరుతోంది. ఆ 'కాదు' కింద కాస్త చోటు ఖాళీగా వదిలాను.