చదవనివి నీలం

రంగులాయన దారాల కొట్టు గుమ్మం దాటి, మెట్టు మీద నిలబడి, కోటు గుడ్డ ముక్కను ఎండకు పెట్టి చూస్తున్నాడు. ఎడమచేతిలో గుడ్డ, కుడిచేతి వేళ్ళ సందుల్లో మూడు దారపు రీళ్ళు. ఒక్కో రీలు నుంచి బెత్తెడు దారం లాగి గుడ్డ మీద అడ్డంగా పరుస్తాడు, మెడ కాస్త వెనక్కి వాలుస్తాడు, కళ్ళు చికిలిస్తాడు. గుడ్డలో కలిసిపోయి కంటికి దొరకని దారమే ఆ గుడ్డకు సరైన దారం. ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఆయన చేస్తున్నది ఈ పనే. ట్యూబులైటు కింద రంగు చూసేవాడు ఆయన దృష్టిలో మనిషే కాడు. రీళ్ళ అడుగున తన చేత్తో రాసి అంటించిన నంబర్లున్నాయి గానీ వాటి వంక చూడడు. నంబరు చూసి దారమిచ్చేవాడికి కళ్ళు దండగ అంటాడు.

మధ్య రీలు కుదిరింది. లోపలికొచ్చి కోటు గుడ్డ తెచ్చిన దర్జీతో, "ముదురు నీలానికి ముదురు నీలం. కుట్టాక దారం ఎక్కడుందో నీకే దొరకదు" అని, రీలును పక్క బల్ల మీదికి దొర్లించాడు.

పక్క బల్ల బొత్తాలమ్మాయిది. అమ్మాయంటే ముప్పయ్యారేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. పదకొండేళ్ళ క్రితం కొట్లో చేరినప్పుడు పడిన పేరు అలాగే ఉండిపోయింది. బొత్తాలతో పాటు పొట్లాలు కట్టడమూ ఆమె పనే. రీలు అందుకుని బల్ల కిందికి వంగింది, కాగితపు సంచితో పైకి లేచింది, సంచి మూతి మడిచి దర్జీ చేతికిచ్చింది. ఈ వంగడాలు ఈమధ్య ఎక్కువయ్యాయని రంగులాయన కనిపెట్టాడు. బల్ల కింద ఫోను పెట్టుకుని ఓట్లు చూసుకుంటోందని ఆయన అనుమానం. చూసుకోదూ మరి, గెలుస్తున్నవాళ్ళకి ఇంకేం పని.

ఆ ఓట్లు ఇంటర్నెట్‌లో ఉన్న దర్జీల ఫోరమ్‌లోవి. మిషను దారం ఎందుకు తెంపుతోంది, పాత కోటు భుజాలు ఎలా దించాలి, జారుడు గుడ్డకు ఏ సూది వాడాలి, ఇలాంటివన్నీ అక్కడ అడుగుతారు, చెప్తారు, అప్పుడప్పుడు తిట్టుకుంటారు. దాన్ని నడిపేది ఎక్కడో వేరే ఊళ్ళో ఉండే ఒక చొక్కాల దర్జీ. తొమ్మిదేళ్ళ క్రితం అతను పేజీకి రంగులు కావాలని అడిగినప్పుడు రంగులాయన వారం రోజులు అన్నం సయించకుండా కూర్చున్నాడు. కొట్లోని కంప్యూటరు తెరకు రీళ్ళు ఆనించి, ఒక్కొక్క రంగే ఫోనులో చెప్పి మార్పించాడు. నేలకు ఉల్లిపొర రంగు, శీర్షికలకు వంగపండు రంగు, ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య సన్నటి మెంతిరంగు గీత. ఇన్ని వేలమంది దర్జీలు పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ చూసేది తన రంగులనే అని తలుచుకుంటే ఆయనకు నడకలో ఒక ఊపు వచ్చేది.

అంతకుమించి ఆయన బతుకులో చెప్పుకోవడానికేం లేదు. పంతొమ్మిదో ఏట కొట్లో చేరి, రీళ్ళ దుమ్ము తుడుస్తూ, పాత యజమాని తప్పు దారమిస్తుంటే అది కాదండీ అన్నాడు. ఆ ఒక్క మాటతో బల్ల దక్కింది. పెళ్ళయిన కొత్తలో తనకే రంగు నప్పుతుందని భార్య అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పేరున్న మనిషి కాదు, ఆస్తి ఉన్న మనిషి కాదు. రంగు దగ్గర మాత్రం నలుగురూ ఆయన మొహం వైపు చూస్తారు, అంతే.

ఇప్పుడు ఆ నలుగురూ పక్క బల్ల వైపు చూస్తున్నారు. బొత్తాలమ్మాయి పోయినేడు ఫోరమ్‌లో చేరింది. చేరి ఊరుకోక, ఇంట్లో పిల్లలు పడుకున్నాక ఫోను మీదే నేర్చుకుని, పేజీ రంగులూ రూపూ మార్చే కొత్త థీమ్ ఒకటి తయారుచేసి పంపింది. చొక్కాల దర్జీ రెండు థీములూ పక్కపక్కన పెట్టి ఓటింగు పెట్టాడు. ఈరోజు సాయంత్రం ఆరింటితో గడువు ముగుస్తుంది. పైగా, రెండింటినీ పోల్చి నాలుగు ముక్కలు రాయమని రంగులాయననే అడిగాడు. మీది కూడా ఉందని మొహమాటపడకండి, మీ కళ్ళ మీద మాకు నమ్మకం అన్నాడు.

అసూయ అనే మాట రంగులాయనకు తెలుసు గానీ అది తనకుందని ఒప్పుకోవడానికి నెల పట్టింది. రాత్రి ముద్ద మింగుడుపడకపోతే అరగలేదనుకున్నాడు. ఆమె నవ్వు చెవిన పడితే దంతాలు బిగుసుకుపోవడం చూసి పన్ను నొప్పి అనుకున్నాడు. ఆఖరికి ఒకరోజు ఆమె ఇంద్రధనుస్సు వరసలో బొత్తాలు సర్దుతుంటే ఆ డబ్బా కింద పడిపోతే బాగుండునని మనసులో కోరుకున్నాడు. అప్పుడు తెలిసింది. నెల రోజులుగా ఆమెతో మాటలు లేవు. ఆమె మాత్రం టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ దగ్గర చూసి నేర్చుకున్నదే అన్నయ్యా" అంటుంది. ఆ మాటతో మంట ఇంకో బెత్తెడు లేస్తుంది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆయన కంప్యూటరు ముందు కూర్చుని రెండు పేజీలూ పక్కపక్కన తెరిచాడు. తన థీమ్ మీద కళ్ళు చల్లగా వాలాయి. ఆమె దాని మీద అస్సలు నిలవలేదు. దాని కింద ఆమె ఏవో వివరాలు రాసింది గానీ ఆయన చదవలేదు. చదివితే సగం ఒప్పుకున్నట్టే అనిపించింది. చూపుడు వేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ రాశాడు.

"మొదటి థీమ్ తొమ్మిదేళ్ళుగా మీ కళ్ళ ముందే ఉంది, నేను చెప్పేదేం లేదు. రెండో దానిలో మూడు లోపాలున్నాయి. ఒకటి, పేజీ మొత్తం ఒకే తెలుపు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. రెండు, చదివిన చర్చలకూ చదవని వాటికీ తేడా లేదు, అన్నీ నలుపే. మూడు, శీర్షికల అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రంగుల పొత్తు తెలియని చెయ్యి చేసిన పని ఇది."

చివరి వాక్యం రాసి ఒకసారి చెరిపాడు. మళ్ళీ రాశాడు. నొక్కాడు.

పావుగంట గడవకుండా జవాబులు మొదలయ్యాయి. ఎవరో గౌన్లు కుట్టే ఆవిడ, ఒకే తెలుపు ఎక్కడండీ, ఒక వరుస తెలుపు, ఒక వరుస మీగడ రంగు కదా అని అడిగింది. ఇంకొకాయన, చదవనివి నీలం, చదివినవి నలుపు, ఇంత స్పష్టంగా ఉంటే నలుపంటారేమిటి అన్నాడు. మూడో మనిషి మర్యాదగానే, రంగులాయన గారు తెర తుడుచుకోవాలేమో అన్నాడు. దాని కింద పదహారు మంది నవ్వారు.

అందరూ ఒక్కటయ్యారనుకున్నాడు రంగులాయన. ఒళ్ళు మండిపోయింది. తెర మోసం చేస్తోందని ఫోను పట్టుకుని గుమ్మం దాటి, పొద్దున్న కోటు గుడ్డ చూసిన చోటే నిలబడ్డాడు. ఎండ నిండుగా ఉంది. వెలుతురులో తప్పేం లేదు. ఫోను దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు, మెడ వెనక్కి వాల్చాడు. తెలుపు, తెలుపు, తెలుపు. నలుపు, నలుపు.

రెండు నెలల క్రితం ఇంట్లో పోరు పడలేక ఒక కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. ఆవిడ లైటు వేసి చూసి, కంటి వెనక నరం అరిగిపోతోందని, అద్దాలకూ ఆపరేషనుకూ లొంగేది కాదని, ముందు పోయేవి నీలాలూ లేత పసుపులూ అని చెప్పింది. ఆయన వినయంగా తలూపి, బయటికొచ్చి నవ్వుకున్నాడు. కర్టెనుకీ కుర్చీకీ పొత్తు కుదుర్చుకోలేని మనిషి తన కళ్ళ గురించి చెప్పడమా అని చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాడు. ఇప్పుడు మెట్టు మీద నిలబడితే ఆ చీటీ తొడకు తగులుతోంది.

లోపలికొచ్చేసరికి తెర మీద కొత్త జవాబు ఉంది. ఎనిమిదడుగుల దూరం నుంచి బొత్తాలమ్మాయి రాసింది.

"రంగులాయన గారు చెప్పినవి మూడూ నిజమే. పాత తెరల మీద నా రంగులు తేలిపోతున్నాయి. వరుసల మధ్య గీత వేశాను. చదవని చర్చలు లావు అక్షరాల్లో పెట్టాను. వారి కంట పడకపోతే ఈ తప్పు ఉండిపోయేది."

ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె బొత్తాల డబ్బాలోంచి తల ఎత్తలేదు. పేజీ మళ్ళీ తెరిచాడు.

గీతలు కనిపించాయి. లావు అక్షరాలు కనిపించాయి. పేజీ మొదటిసారి ఆయనకు విడివిడిగా, తీరుగా, ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో తెలిసిన మనిషి చేసిన పని. తను తొమ్మిదేళ్ళ క్రితం చెయ్యాలనుకుని చెయ్యలేక, గీతలతో రంగులతో నింపేసిన చోటల్లా ఆమె ఖాళీగా వదిలేసింది. బాగుంది. ఎంత బాగుందంటే, ఆమె తన పరువు కాపాడిందన్న ఆలోచన వచ్చేలోపే, ఇది నేను చేసి ఉండాల్సింది అన్న కడుపుమంట వచ్చి కూర్చుంది.

ఆమె జిప్పుల పెట్టె కోసం వెనక గదిలోకి వెళ్ళింది. రంగులాయన లేచి, తనకే తెలియకుండా, ఆమె బల్ల వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. ఫోను లేదు. కాగితపు సంచుల పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీశాడు. నిండా రీళ్ళు. అన్నిటికంటే పైన ఉన్న రీలుకు బెత్తెడు దారం ఇంకా వేలాడుతోంది. పొద్దున్న తను గుమ్మం దగ్గర లాగిన దారం.

రీలు తిప్పి అడుగున చూశాడు. తన చేతిరాతే. నలభై ఒకటి. ముదురు నీలం నలభై. నలభై ఒకటి నలుపు. ఇంకో రీలు తీశాడు. అదీ నలభై ఒకటే. మిగతావాటి నంబర్లు చూస్తే, తెలుపని ఇచ్చినచోట మీగడ రంగు, ఆకాశనీలమని ఇచ్చినచోట బూడిద.

"అన్నయ్యా" అని వెనక నుంచి వినిపించింది. ఆమె జిప్పుల పెట్టె గుండెలకు ఆనించుకుని నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానల ముందు నుంచి. మీరు ఇచ్చింది ఇక్కడ దాచి, సరైనది ముందే తెచ్చుకున్న వాటిలోంచి సంచిలో వేస్తున్నా. మీరు వెళ్ళాక మళ్ళీ మీ అరల్లో సర్దేస్తా."

"నాకు చెప్పొచ్చుగా."

"నోరు రాలేదు." పెట్టె బల్ల మీద దించి, "మీరే నెలరోజుల నుంచి మాట్లాడడం మానేశారు. ఇది చెప్పి ఇంకా దూరమవడం ఎందుకని" అంది.

ఆయనకు చాలా అడగాలనిపించింది. ఎవరికైనా చెప్పావా, నవ్వుకున్నావా, జాలిపడ్డావా అని. నీ కళ్ళు ఒక్క రోజు నాకిస్తావా అని కూడా అనిపించింది. అది సిగ్గులేని కోరికని తెలిసి కూడా కోరుకున్నాడు. పైకి మాత్రం, "శీర్షికల అక్షరాలు ఇంకా ఇరుకుగానే ఉన్నాయి" అన్నాడు.

ఆమె తల వంచుకుని, "ఔనన్నయ్యా, అది నిజంగా తప్పే" అంది.

ఐదున్నరకు ఆయన తన పోస్టు తెరిచి మొదటి రెండు లోపాలూ తీసేశాడు. వాటి చోట, "ఇవి నా కళ్ళ తప్పు, థీమ్ తప్పు కాదు" అని రాశాడు. మూడోది ఉంచాడు. పొత్తు తెలియని చెయ్యి అన్న వాక్యం మీద వేలు చాలాసేపు ఆగింది. దాన్నీ తీసేశాడు. తర్వాత ఓటింగు పేజీకి వెళ్ళి, ఓటు మాత్రం తన థీమ్‌కే వేసుకున్నాడు. ముప్పయ్యొకటో ఓటు. ఆమెకు అప్పటికే రెండొందలు దాటాయి.

గల్లా దగ్గర కూర్చుని ఇప్పుడు కొట్టు చూసుకుంటున్న పాత యజమాని కూతురి దగ్గరకు వెళ్ళి, రేపటి నుంచి దారాల బల్ల బొత్తాలమ్మాయికి ఇవ్వమన్నాడు. యజమానురాలు కళ్ళజోడు తీసి ఆయన మొహంలోకి చూసింది.

"మీరెక్కడికెళ్తారు బాబాయ్?"

"ఇంటికేనమ్మా. కాళ్ళు లాగుతున్నాయి. రోజూ ఆ మెట్టు ఎక్కి దిగలేకపోతున్నా."

ఆమె కాళ్ళకేదో నూనె పేరు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

వెళ్ళేముందు అరలోంచి ఒక నలభై నంబరు రీలు తీశాడు. ఈసారి అడుగున చూసే తీశాడు. డబ్బాలోంచి పొద్దున్న రీలు కూడా పట్టుకుని గుమ్మం దాటి, ఏటవాలు ఎండలో మెట్టు అంచు మీద రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాడు. వంగి చూశాడు. కూర్చుని చూశాడు. మెడ వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి, ముప్పయ్యెనిమిదేళ్ళు ఎలా చూశాడో అలాగే చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచి, చెప్పులు సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వీధి మలుపు వైపు నడిచాడు.

ఆరింటికి బొత్తాలమ్మాయి షట్టరు దించడానికి బయటికొచ్చింది. ఆమె ఫోను వరసగా మోగుతోంది, తీయలేదు. మెట్టు మీద రెండు రీళ్ళున్నాయి. ఎడమది నీలం, కుడిది నలుపు. నలుపు రీలు నుంచి బెత్తెడు దారం జారి నీలం రీలు మీద అడ్డంగా పడి ఉంది.