పూసలు ఎటువైపు

పెరుగు ఫ్యాక్టరీలో పొద్దున్న పని ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ట్యాంకరు వెనక్కి వచ్చి గోడ పక్కన ఆగేది. కుర్రాళ్లు పైపులు బిగించేవాళ్లు. కాచి చల్లార్చిన పాలు మనిషెత్తు గాజు గొట్టంలోకి పైనుంచి దిగేవి. గొట్టం నిండా ముత్యాలంత జిగురు పూసలు. పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల్ని ఆ పూసల్లో బంధించి ఉంచారు. పాలు వాటి సందుల్లోంచి జారిపోయేవి, సూక్ష్మజీవులు మాత్రం కొట్టుకుపోకుండా ఉన్నచోటే ఉండి పని చేసేవి. రోజూ కొత్తగా తోడు వేసే బెడద లేదు. కింద కప్పుల్లో పడ్డ పాలు మధ్యాహ్నానికల్లా గట్టిగా పేరుకునేవి.

పూసలు చేసింది చిన్నకోడలు. పేరుకున్న కప్పుల్లో పులుపు చూసేది పెద్దకోడలు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, ఒకే బస్సులో పనికొచ్చేవాళ్లు.

చిన్నకోడలంటే పూసలకు ప్రాణం. ఆమె ఎటు నడిస్తే అటువైపు గాజుకు అతుక్కునేవి. అందుకే ఆమె గొట్టం చుట్టూ తిరుగుతూ ఉండాలి, లేకపోతే పాలు ఒక పక్కనుంచే జారిపోతాయి. ఒకసారి జ్వరమొచ్చి ఆమె రాకపోతే పూసలన్నీ అడుక్కి దిగి అలిగి కూర్చున్నాయి. ఆ రోజు కప్పుల్లో పాలు పేరుకోనేలేదు. అప్పట్నుంచి మేనేజరు ఆమెను సెలవు మాట ఎత్తనివ్వలేదు. ఆమె మొగుడు వేరే ఊళ్లో ఓడరేవులో క్రేను నడుపుతాడు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒక చూరు కింద కాపురం చేసింది తక్కువే.

అందరూ చిన్నదాని చుట్టూనే తిరగడం పెద్దకోడలికి కంటగింపుగా ఉండేది. ఈమధ్య దానికి అనుమానం కూడా తోడైంది. చిన్నది మరీ మంచిగా ఉంటోంది.

“అక్కా, నీ కప్పులు ఇక్కడికే తెచ్చుకో. గొట్టం పక్కన చల్లగా ఉంటుంది,” అనేది. అడక్కుండానే టీ తెచ్చిచ్చేది. ఇంటికెళ్తే పెద్దకోడలి పక్క కూడా తనే దులిపి వేసేది. ఎన్నడూ లేనిది ఏమిటీ వరస?

ఆదివారం దుప్పట్లు ఎండేద్దామని మంచం జరిపింది పెద్దకోడలు. పరుపుకీ గోడకీ మధ్య, సరిగ్గా తలగడ దగ్గర, మూత బిగించిన చిన్న సీసా కనిపించింది. లోపల కాసిన్ని నీళ్లు, వాటిలో పూసలు.

ఫ్యాక్టరీ సొత్తు తన మంచం దగ్గర! రేపో మాపో సోదాకి వస్తారు, తనని దొంగంటారు. ఆ టీలూ ఆ పలకరింపులూ ఇందుకన్నమాట. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. సీసా సంచిలో వేసుకుంది. చిన్నకోడలు మూడు గదులూ దేనికోసమో వెతుకుతుంటే కళ్లప్పగించి చూస్తూ కూర్చుంది.

మర్నాడు అందరిముందూ మేనేజరు చేతిలో పెట్టింది.

“ఇది మా ఇంట్లో దొరికింది సార్. పెట్టిందెవరో మా చిన్నదాన్నే అడగండి.”

మేనేజరు మొహం మాడిపోయింది. “ఏమ్మా, ఏ కంపెనీకి చేరవేస్తున్నావు?” అన్నాడు చిన్నకోడలితో.

మేనేజరు సీసాను వెలుగుకేసి ఎత్తాడు. పూసలన్నీ పెద్దకోడలి వైపు గాజుకు అతుక్కున్నాయి. సీసా తిప్పాడు. దొర్లుకుంటూ మళ్లీ ఆమె వైపే వచ్చాయి. వెనక్కి తిరిగి గొట్టం చూశాడు. సగానికి పైగా పూసలు అక్కడా ఆమె వైపే ఉన్నాయి.

“కొన్నాళ్లుగా ఇంతే కదండీ,” అంది నేల తుడిచే ఆవిడ, బకెట్టు జరుపుకుంటూ.

అప్పుడు నోరు విప్పింది చిన్నకోడలు. “రోజూ కాసిన్ని తీసుకెళ్లి నీ తలగడ దగ్గర పెట్టేదాన్నక్కా. పొద్దున్నే తెచ్చి గొట్టంలో కలిపేసేదాన్ని. అవి నీకు అలవాటైతే నన్ను మా ఆయన దగ్గరికి పోనిస్తారని.”

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“చెబితే ఊరుకునేదానివా? అత్తయ్య దాకా తీసుకెళ్లేదానివి.”



“ఈవిడ ఉంటానంటే నువ్వు వెళ్లమ్మా. లేదంటే కుదరదు,” అన్నాడు మేనేజరు.

ఉండాలా? జీవితాంతం గానుగెద్దులా ఈ గొట్టం చుట్టూనా? అడగను కూడా అడక్కుండా తన మెడకి చుట్టింది! పెద్దకోడలు విసురుగా తలుపు దాకా నడిచింది. వెనకాల గొట్టంలో పూసలన్నీ అటు జరిగాయి. పాలు ఒక పక్కనుంచి జరజరా కారిపోతున్న చప్పుడు. గడియ మీద చెయ్యేసి వెనక్కి చూసింది. చిన్నకోడలు గొట్టం వైపు చూడటం లేదు. తన చెయ్యివైపే చూస్తోంది, తీస్తుందా తియ్యదా అని. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. ఇన్నాళ్లూ తను చిన్నదాన్ని అనుమానంగా చూసిన చూపే అది.

“ఏ బస్సుకి వెళ్తావు?” అంది.

“సాయంత్రం బస్సుకక్కా.”

“మరి ఇక్కడ నించుంటే బట్టలెవరు సర్దుతారు? పో.”

వెనక్కొచ్చి గొట్టం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. పూసలు మెల్లగా సర్దుకున్నాయి, పాలు నిదానించాయి. చిన్నకోడలు గేటు దాటుతుంటే నాలుగైదు పూసలు అటు కదిలి, కాసేపాగి తిరిగొచ్చాయి.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. “ఇకమీద మీరు కూడా సెలవులంటూ అడక్కూడదమ్మా.”

“అడగను సార్. రేపట్నుంచి మీ కుర్చీ ఇక్కడ వేయించుకోండి.”

“నేనెందుకు?”

“ఊరికే. ఇక్కడ చల్లగా ఉంటుంది.”

మేనేజరు ఆమెకేసి అనుమానంగా చూశాడు. పూసలకేసి అంతకన్నా అనుమానంగా చూశాడు. అయినా ఎండాకాలం కదా, మర్నాడు కుర్చీ తెచ్చుకున్నాడు. సాయంత్రానికి ఒక పూస, ఒకే ఒక్కటి, ఆయన మోకాలికి ఎదురుగా గాజుకు అతుక్కుని ఉంది.