పొగ తాగేవాళ్ళకే విరామం

తోటివాళ్ళు 'పొడుగు' అని పిలిచే ఆ కుర్రాడు సైన్యంలో చేరడానికి ఏడాది ముందే సిగరెట్ మానేశాడు. ఆయాసపడేవాడికి పరుగు పరీక్షలో చోటు లేదని అక్క వెంటపడి మాన్పించింది.

శిక్షణ శిబిరంలో రెండో వారం. లారీలోంచి ఇసుక మూటలు దించుతున్నారు. శిక్షకుడు గడియారం చూసుకుని, పొగ తాగేవాళ్ళు పది నిమిషాలు కూర్చోవచ్చని, మిగతావాళ్ళు పని కానివ్వాలని చెప్పాడు. అక్కడ అది ఏనాటినుంచో ఉన్న పద్ధతి. పదకొండు మంది నీడకు పోయారు. ముప్పై మంది మూటలు మోశారు.

పొడుగుని తప్పుపట్టే ముందు పాఠకులు ఆ మండుటెండను కూడా గుర్తుపెట్టుకోవాలి. మర్నాడు పొడుగు ఒక సిగరెట్ అడుక్కుని, వెలిగించకుండా వేళ్ళ మధ్య పెట్టుకుని నీడలో కూర్చున్నాడు. శిక్షకుడివి డేగకళ్ళు.

"ఏరా, దాన్ని పెంచుకోడానికి తెచ్చావా? వెలిగిస్తే కూర్చో. లేదా లేచి మూటెత్తు."

అందరూ నవ్వారు. పొడుగు వెలిగించాడు.

మూడు నెలలకు రోజుకు ఎనిమిది సిగరెట్లయ్యాయి. చివరి పరుగు పరీక్షలో పద్నాలుగు సెకన్లు వెనకబడ్డాడు. మూడు వారాల్లో మరో అవకాశం ఉంది. అదీ తప్పితే ఇంటికే.

శిబిరం డాక్టరమ్మ ఊపిరి పరీక్షించి, మానేసినవాడివి మళ్ళీ ఎందుకు మొదలుపెట్టావని అడిగింది. భయమా, ఇంటిమీద బెంగా అని కూడా అడిగింది.

"అవేం కాదు మేడమ్. కూర్చోడానికి."

ఆమె ఆ మాట శిక్షకుడి చెవిన వేసింది. కుర్రాళ్ళన్నాక ఏదో సాకు చెబుతారని ఆయన కొట్టిపారేశాడు. ఆమె వాదించలేదు. ఒకసారి నీడలో తలలు లెక్కపెట్టమంది. పదకొండు మంది ఇరవై తొమ్మిది మందయ్యారు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు.

మర్నాడు అందరికీ విరామం ఇచ్చాడు. నీడ అందరిదీ అన్నాడు, తాగాలనుకుంటే గోడ అవతల ఎండలో తాగమన్నాడు. చాలామంది జేబులో చెయ్యి కూడా పెట్టలేదు. పొడుగు మాత్రం కాసేపు కూర్చుని, చేతులు నలుపుకుని, లేచి ఎండలోకి వెళ్ళాడు.

శిక్షకుడు వెనకే వెళ్ళాడు. తిట్టలేదు.

"తప్పు నాదిరా. మానడం మాత్రం నీ చేతిలోనే ఉంది."

వారం రోజులు వాడికి తలనొప్పి, చిరాకు, నిద్రలేమి. రెండో పరీక్షలో గడువుకు మూడు సెకన్ల ముందే గీత దాటాడు.

తర్వాతి జట్టు వచ్చిన రోజున శిక్షకుడు తన తోటి శిక్షకులను కూర్చోబెట్టి చెప్పాడు: "కుర్రాళ్ళకు అలవాటుంది కాబట్టి విరామం ఇస్తున్నామనుకున్నాం. మనం విరామం ఇచ్చిన తీరువల్లే వాళ్ళకు అలవాటయింది. విశ్రాంతి అలసినవాడికి ఇవ్వండి, సిగరెట్‌కి కాదు."