ఫ్రీజర్‌లో పెట్టిన స్పీకరు వైరు

స్పీకరు వైరును సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టడానికి పిచ్చి ఎంత ముదరాలో చెవుల మాస్టారి భార్యకు అంతు పట్టలేదు. ఆ పిచ్చి అంటించింది స్వయానా ఆమె అక్క మొగుడు. ఆదివారం వచ్చి, సోఫాలో చతికిలబడి, "మూడు రోజులు గడ్డకట్టించి తియ్యి తమ్ముడూ, లోపలి రాగి కుదురుకుంటుంది. ఆ తరవాత పాట విను, నువ్వే నాకు ఫోన్ చేస్తావు" అని తోడల్లుడికి ఉపదేశించి, టీ తాగి చక్కా పోయాడు.

"కుదురుకోవడానికి రాగేమన్నా అల్లరి పిల్లా?" అంది ఆమె, బఠాణీల పొట్లం పక్కకు జరుపుతూ.

మాస్టారు నవ్వలేదు. చెవుల విషయంలో ఆయనకు వేళాకోళం పనికిరాదు. స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం వినడమే. మీటర్లు సరేనన్న ప్రతి స్పీకరూ చివరికి ఆయన గదికి రావాలి. కళ్ళు మూసుకుని అర నిమిషం వింటాడు. బల్ల మీద ఒకసారి తడితే బాగున్నట్టు, రెండుసార్లు తడితే చెత్తలోకే. ఎందుకని యజమాని కూడా అడగడు.

ఈ నెలలో జిగురక్క చేసినవాటిలో తొమ్మిదింటికి రెండేసి దెబ్బలు పడ్డాయి. స్పీకరులోని కాగితపు కోనుకు జిగురుతో అంచు అతికించడం ఆమె పని, పదహారేళ్ళుగా అదే. గురువారం ఆమెవి మరో ఆరు వినాలి. వాటిలో ఒక్కటి పోయినా ఆమెను ప్యాకింగ్‌లోకి మార్చేస్తామని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు.

బుధవారం సాయంత్రం వైరు బయటికొచ్చింది. తడి ఆరనిచ్చి, దానికి జోడైన మామూలు వైరును ఆంప్లిఫయర్‌కు బిగించి, మాస్టారు భార్యను దాని వెనక కూర్చోబెట్టాడు.

"పదిసార్లు పాట వెయ్యి. ప్రతిసారీ నీ ఇష్టమొచ్చిన వైరు తగిలించు. ఏది పెట్టావో నాకు చెప్పకు, కాగితం మీద రాసుకో."

కళ్ళు మూసుకున్నాడు. "ఇది చల్లది. గొంతు ముందుకొచ్చింది చూడు." ఆ తరవాత, "ఇది మామూలుదే, మసకగా ఉంది." పదిసార్లూ తడుముకోకుండా చెప్పాడు. తోడల్లుణ్ణి ఇన్నాళ్ళూ వెర్రివాడనుకున్నందుకు కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

"ఎన్ని సరిపోయాయి?"

చల్లటి వైరు ఆమె ఒళ్ళోనే ఉంది.

"మీరు బిగించిన వైరు మర మొదటిసారే ఊడిరాలేదండీ. ఆ మాట చెప్పేలోపలే మీరు చల్లదన్నారు. మీకెలా తెలుస్తోందో చూద్దామని ఊరుకున్నాను. పదిసార్లూ ఆ మామూలు వైరే."

మాస్టారు మళ్ళీ రెండుసార్లు వేయించాడు, ఈసారి కళ్ళు తెరిచి, అదే వైరని తెలిసి. అయినా రెండోసారి గొంతు ముందుకొచ్చింది. ఆయనకు భయం వేసింది.

"పోనీలెండి, బావగారికి చెప్పొద్దు" అంది ఆమె జాలిగా.

"బావగారి సంగతి కాదే! స్పీకరు వెనక ఎవరు చేశారో చీటీ ఉంటుంది. కళ్ళు మూసుకునే ముందు నేనది చదువుతాను."

రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు. మొదటిసారి జిగురక్క స్పీకరులో ఏదో గరగర విన్నమాట నిజం. లేక విన్నాననుకున్నాడా? మిగతా ఎనిమిదింటిలో విన్నది గరగరా, చీటీయా? ఎంత ఆలోచించినా ఒక కొలిక్కి రాలేదు.

గురువారం పొద్దున్నే సూపర్‌వైజర్‌ను పట్టుకున్నాడు. "చీటీలు పీకేసి, పక్క బల్లవి ఆరు కలిపి పంపించండి." పన్నెండూ విన్నాడు. ఒకటి బాగుంది. మళ్ళీ వింటే బాగోలేదు. ఇంకోటి బాగోలేదు, మళ్ళీ వింటే బంగారంలా ఉంది. తట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, పని మధ్యలో తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"నాకు తేడా తెలియడం లేదు" అన్నాడు జిగురక్కతో సహా అందరి ముందూ. "ఆ తొమ్మిదీ ఎందుకు వద్దన్నానో కూడా తెలియదు. ఈవిడని ఎక్కడికీ మార్చకండి."

సూపర్‌వైజర్ తెల్లబోయాడు. జిగురక్క సంతోషిస్తుందనుకున్నాడు మాస్టారు. ఆమె ముఖం కందగడ్డలా అయింది.

"నేను కళ్ళజోడు మార్చాను మాస్టారూ. మీరు వద్దన్న ప్రతిసారీ నా చేతులు వణుకుతున్నాయనుకున్నాను. డాక్టర్ దగ్గరికెళ్తే ఏమీ లేదన్నాడు, ఆయన్నీ నమ్మలేదు. మీ చెవులనే నమ్మాను. ఇప్పుడు మీరే తెలియదంటే నేనెవర్ని అడగాలి?" రెండు చేతులూ ఆయన ముందు చాపింది. "చూసి చెప్పండి. వణుకుతున్నాయా?"

మాస్టారు వంగి చూశాడు. కదలనట్టే ఉన్నాయి. మరికాసేపు చూస్తే వేళ్ళ చివర ఏదో అదురుతున్నట్టు అనిపించింది. ఆ అదురు ఆమె వేళ్ళలో ఉందో, తన చూపులో ఉందో తేల్చుకోలేక, ఆయన అలా చూస్తూనే ఉన్నాడు. ఆమె చేతులు దించలేదు.