అడవిలో పౌడరు డబ్బా

లెన్సు తుడవాలంటే ముందు ఊదాలి. తర్వాత మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తిప్పుకుంటూ రావాలి. పదకొండేళ్లుగా తుడిచేది ఆమె, చూసేది ఆయన.

జీపులో ఆయనది ముందు సీటు. ఆమెది వెనక, బ్యాగుల మధ్య. "మొగుడి వెంట షికార్లు తిరుగుతూ ఇంకా ఏడుపేంటమ్మా నీకు?" అనేది అత్తగారు. నిజమే, షికారే. నీళ్ల డబ్బాలు మోసే షికారు. ఇంటికొచ్చాక ప్రతి ఫోటో కిందా తీసినవారు అని ఆయన పేరు టైపు చేసే షికారు. చూడకుండానే ఆ పేరు టైపు చేయడం ఆమె వేళ్లకు అలవాటైపోయింది.

ఆ సాయంత్రం గడ్డిమైదానంలో నీటిమడుగు పక్కన జీపు ఆగింది. ఆమె పౌడరు డబ్బా తీసింది. చిటికెడు చేతిలో వేసుకుని గాలిలోకి వదిలింది. పౌడరు ఎటు పోతే గాలి అటు. ఎదురుగాలిలో కూర్చుంటేనే ఏనుగుకు మనిషి వాసన తగలదు.

"అడవిలో కూడా సోకులేనా? ఏనుగుల పెళ్లిచూపులకొచ్చావా?" అన్నాడాయన. డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. ఈ మాట విందుల్లోనూ చెబుతాడు. పదిమందీ నవ్వుతారు. వాళ్లతోపాటు తనూ నవ్వేది.

"గాలి మన మీంచే మడుగు మీదికి పోతోంది. అవతల ఒడ్డున మంచె ఉందిగా, అక్కడికెళ్దాం."

"వెలుతురు ఇక్కడే బాగుంది. నువ్వా నాకు నేర్పేది?"

ఆయన మధ్యాహ్నం సన్మానం నుంచి తిన్నగా వచ్చాడు. ఒంటినిండా సెంటు. ఆమెకు ఈసారి నవ్వు రాలేదు.

"అయితే మీరుండండి," అని రెండో కెమెరా మెడలో వేసుకుని దిగింది. ఆ కెమెరా ఎన్నేళ్లు మోసిందో! మడుగు చుట్టి వెళ్లి మంచె ఎక్కేదాకా వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలింది. గడ్డి రాగిరంగుకు తిరిగింది. మంద వచ్చింది. ముందు ముసలి ఆడఏనుగు, దాని కడుపు కింద గున్న. నేరుగా జీపున్న వైపే నడిచింది. ఆగింది. తొండమెత్తి వాసన పట్టింది. అంతే, మంద మొత్తాన్ని మళ్లించుకుని మంచె ముందుకు వచ్చేసింది. అక్కడ నింపాదిగా మట్టి తీసి నెత్తిన చల్లుకుంది, అచ్చం పౌడరు అద్దుకున్నట్టు. గున్న కూడా చల్లుకోబోయి సగం కళ్లలో పోసుకుంది. నోరు మూసుకుని నవ్వుతూనే ఆమె మీట నొక్కింది. నొక్కుతూనే ఉంది. గుండె మీంచి బ్యాగులన్నీ ఎవరో దించినట్టయింది.

తిరిగొస్తుంటే ఆయన కెమెరా లాక్కుని చూశాడు. ఒక ఫోటో దగ్గర ఆగాడు.

"బాగానే పడింది. పొద్దున్నే పత్రికకు పంపెయ్. కింద ఏం రాయాలో తెలుసుగా?"

"తెలుసు."

పొద్దున కంప్యూటరు ముందు కూర్చుంది. వేళ్లు వాటంతటవే ఆయన పేరు సగం టైపు చేసేశాయి. చెరిపేసింది. తన పేరుకు మాత్రం ఒక్కో అక్షరమూ వెతుక్కోవలసి వచ్చింది. తొందరేముంది? వెతుక్కుంది. పంపింది. కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

"పంపావా?" పక్కగదిలోంచి ఆయన.

"పంపాను. మీ లెన్సు బల్ల మీద ఉంది, తుడుచుకోండి. ముందు ఊదాలి."